యోనాతాను ఇంట మిగిలినవారు

(రేడియో ప్రసంగ పాఠము)
ధ్యాన భాగములు: 1 సమూయేలు 20:12-17, 2 సమూయేలు 9:1-13



ఈ ఉదయం రేడియో ముందు కూర్చున్న మీలో కొందరి ఇళ్లలో గోడ మీద ఒక ఫోటో ఉంటుంది. మిలటరీ యూనిఫారంలో ఉన్న కుమారుడి ఫోటో, లేదా భర్త ఫోటో, లేదా అన్నయ్య ఫోటో. ఆ మనిషి ఇక సెలవు మీద ఇంటికి రాడు. ముఖ్యంగా మీతో మాట్లాడాలని ఈ రోజు ప్రభువు నా హృదయంలో భారం పెట్టాడు. మిగిలిన శ్రోతలారా, మీ వీధిలోనో, మీ సంఘంలోనో, మీ బంధువుల్లోనో అలాంటి ఇల్లు ఒకటి ఉందేమో జ్ఞాపకం చేసుకుంటూ వినండి.

1999వ సంవత్సరం కార్గిల్ యుద్ధం మీలో చాలామందికి గుర్తుంది. ఆ జూన్ 28వ తేదీ రాత్రి ద్రాస్ ప్రాంతంలోని మంచుకొండల మీద శత్రువు చేతిలో ఉన్న స్థావరాలను తిరిగి తీసుకోవడానికి రాజ్‌పుతానా రైఫిల్స్ రెండవ బెటాలియన్ పైకి ఎక్కింది. ఆ పోరాటంలో ఒకే బెటాలియన్‌కు చెందిన ముగ్గురు అధికారులు ప్రాణాలు విడిచారు. ఒకరు మన హైదరాబాదు నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య. వయస్సు 30. ఒకరు నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ కెంగురూసే. వయస్సు 24. పేరు పలకడం రాక జవానులు ఆయనను ప్రేమగా ‘నింబూ సాబ్’ అని పిలిచేవారు. నిటారుగా ఉన్న కొండరాతి మీద బూట్లు జారిపోతుంటే, వాటిని విప్పేసి, ఆ చలిలో వట్టి కాళ్లతో ఎక్కాడు ఆయన. మూడవవాడు కెప్టెన్ విజయంత్ థాపర్. వయస్సు 22 మాత్రమే. ఆచార్యకు, కెంగురూసేకు మహావీర చక్ర, థాపర్‌కు వీర చక్ర, వారు చనిపోయిన తరువాత ఇచ్చారు.

ముగ్గురివి మూడు ప్రాంతాలు. ఇంట్లో మాట్లాడుకునే భాషలు వేరు. మొక్కే విధానాలు వేరు. కానీ పైకి ఎక్కేటప్పుడు వారి వెనుక నడిచిన జవానులు నీ ఊరేది, నీ కులమేది అని అడగలేదు.

నేను మీకు చెప్పదలచుకున్నది వారి ధైర్యం గురించి కాదు, వారు వెనుక వదిలిన ఉత్తరాల గురించి. మేజర్ ఆచార్య భార్య అప్పటికి గర్భవతి. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఆయన తండ్రికి ఉత్తరం రాస్తూ, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బేలా తన భార్యకు రోజుకొక భారత కథ చెప్పమని కోరాడు. ఆయన చనిపోయాక కూతురు పుట్టింది. కెప్టెన్ థాపర్ తాను తిరిగి రాకపోతే ఇంటికి చేర్చమని ఒక ఉత్తరం రాసిపెట్టాడు. అందులో తల్లిదండ్రులను ఒక పని అడిగాడు. కాశ్మీరులోని కుప్వారాలో ఒక చిన్న పాప ఉంది. కళ్లముందే తండ్రిని చంపడం చూసి ఆ బిడ్డకు మాట పడిపోయింది. థాపర్ ఆ పాపను చేరదీసి, మిఠాయిలు ఇచ్చి, మాట్లాడించడానికి ప్రయత్నించేవాడు. తాను లేకపోయినా ఆ పాపకు నెలకు 50 రూపాయలు పంపుతూ ఉండమని ఆ ఉత్తరంలో రాశాడు. కొడుకు పోయిన దుఃఖంలో కూడా ఆ తల్లిదండ్రులు ఆ మాట మరచిపోలేదు.

ప్రియులారా, చావు ఎదురుగా ఉన్నప్పుడు సైనికుడి మనస్సు ఎక్కడికి వెళ్లిందో చూశారా? నా తరువాత మిగిలేవారి సంగతి ఏమిటి అన్న దగ్గరికి వెళ్లింది. సరిగ్గా ఇదే ప్రశ్నను బైబిలులో ఒక సైనికుడు తన స్నేహితుడి ముందు పెట్టాడు. ఆయన పేరు యోనాతాను.

మొదటి సంగతి: మాట తీసుకున్న స్నేహము

దావీదు, యోనాతానుల స్నేహాన్ని గురించి సండే స్కూలులో అందరం విన్నాం. కానీ వారిద్దరూ సైనికులని మనం అంతగా ఆలోచించం. యోనాతాను తన ఆయుధాలు మోసేవానితో కలిసి, ఇద్దరే మనుషులుగా, మిక్మషు దగ్గర రాళ్ల గుట్టను చేతులతో కాళ్లతో పాకుతూ ఎక్కి ఫిలిష్తీయుల మీద పడిన వీరుడు. గొల్యాతును చంపి వచ్చిన దావీదును చూడగానే ఆయన హృదయం దావీదుతో ముడిపడిపోయింది. తన అంగీని, కత్తిని, విల్లును, నడికట్టును తీసి ఇచ్చేశాడు. సైనికుడు తన ఆయుధాన్ని మరొకరి చేతిలో పెట్టాడంటే, తన ప్రాణాన్ని ఆ చేతిలో పెట్టినట్టే.

తరువాత సౌలు దావీదును చంపాలని వెదుకుతున్న రోజుల్లో ఇద్దరూ పొలంలో కలుసుకున్నారు. అక్కడ యోనాతాను సింహాసనం అడగలేదు. తాను బ్రతికినా చనిపోయినా, తన ఇంటివారి మీద దావీదు దయ ఎన్నటికీ తెగిపోకూడదని మాట తీసుకున్నాడు. ఒక సైనికుడు మరొక సైనికుడిని అడిగినది అదే. నేను లేకపోతే మావాళ్లను చూసుకో.

ఈ రోజుకీ సరిహద్దులో బంకరులో కూర్చున్న జవానులు ఒకరికొకరు చెప్పుకునే మాట ఇదే. కాగితం మీద రాసుకోరు. సాక్షులు ఉండరు. టీ తాగుతూ, నవ్వుతూ చెప్పుకుంటారు. కానీ దేవుని దృష్టిలో అది నిబంధన.

రెండవ సంగతి: ఒక వార్త ఇంటిని ఏమి చేస్తుంది

గిల్బోవ కొండ మీద యోనాతాను చనిపోయాడు. ఆ వార్త ఇంటికి వచ్చిన రోజు ఏమి జరిగిందో 2 సమూయేలు 4వ అధ్యాయము 4వ వచనం ఒక్క మాటలో చెప్పి వెళ్లిపోతుంది. యోనాతానుకు ఐదేళ్ల కొడుకున్నాడు. పేరు మెఫీబోషెతు. యుద్ధవార్త వినగానే దాది భయపడి ఆ పిల్లవాడిని ఎత్తుకొని పరుగెత్తింది. ఆ కంగారులో పిల్లవాడు కింద పడ్డాడు. రెండు కాళ్లూ పోయాయి.

గమనించండి. ఆ పిల్లవాడు యుద్ధానికి వెళ్లలేదు. అతని మీద ఎవరూ బాణం వేయలేదు. ఆ ఇంటికి వచ్చిన వార్తే అతన్ని కుంటివాడిని చేసింది. యుద్ధభూమిలో ఒక మనిషి పడిపోతే, వందల మైళ్ల దూరంలో ఇంకొకరు పడిపోతారు.

కార్గిల్ యుద్ధంలో మన దేశం కోల్పోయిన సైనికులు 527 మంది. మనం ఆ సంఖ్యను ఒకసారి చదివి పేజీ తిప్పేస్తాం. 527 అంటే 527 ఇళ్లు. ప్రతి ఇంట్లో ఒక మెఫీబోషెతు ఉన్నాడు. బడిలో మార్కులు తగ్గిపోయిన కూతురు, మాట తగ్గిపోయిన తండ్రి, రాత్రి ఫోను మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడే తల్లి.

ఇది మన తెలుగు ప్రాంతాలకు దూరపు మాట కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరం అనే ఊరిని ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి ఆ ఊరి యువకులు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది సైనికులు చనిపోయినప్పుడు వారిని నడిపించిన కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మరణించినవారిలో చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నాడు. అప్పుడు మనమందరం కొవ్వొత్తులు వెలిగించాం. మంచిదే. మరి ఆ తరువాతి సంగతి ఏమిటి?

ఇక్కడ నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

సెమినరీలో చదువు ముగించుకొని నేను మొదటిసారి ఒక సంఘానికి కాపరిగా వెళ్లిన రోజులవి. మా సంఘ సభ్యుల కుమారుడు ఒకడు ఆర్మీలో ఉండేవాడు. పెళ్లి కాలేదు. విధి నిర్వహణలో చనిపోయాడు. జెండా కప్పిన పెట్టె ఊరికి వచ్చిన రోజు ఇసుక వేస్తే రాలనంత జనం. అధికారులు వచ్చారు, నాయకులు వచ్చారు, తుపాకులు గాలిలోకి పేల్చారు. నేను వాక్యం చెప్పాను. తరువాత ఆదరణ కూడిక పెట్టాం. అక్కడ కూడా వాక్యం చెప్పాను. బాగా చెప్పారని పెద్దలు అన్నారు. నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. ఆ తరువాత ఆ ఇంటి గడప తొక్కింది చాలా తక్కువ. నిజం చెప్పాలంటే, ఆ తల్లి ముఖం చూడడానికి నాకు భయం వేసేది. చెప్పడానికి నా దగ్గర మాటలు అయిపోయాయి.

సంవత్సరం దాటాక ఒక సాయంకాలం ఆ దారిన వెళ్తూ లోపలికి వెళ్లాను. ఇంటి ముందు ఒక యువకుడు నిచ్చెన వేసుకొని పెంకులు సర్దుతున్నాడు. ఎవరమ్మా అని అడిగాను. ఆ తల్లి చెప్పింది: “మా బాబు స్నేహితుడు అయ్యగారూ. వాళ్లది తమిళ దేశం. ఇద్దరూ ఒక్క గదిలో ఉండేవారంట. సెలవు దొరికితే వాళ్ల ఊరు వెళ్లే ముందు రెండు రోజులు ఇక్కడ ఆగుతాడు. పెన్షను కాగితాల కోసం వాళ్ల నాన్నను టౌనుకు తీసుకెళ్లింది కూడా ఈ అబ్బాయే.”

ఆమె కొంచెంసేపు ఊరుకుంది. తరువాత అన్నది: “అయ్యగారూ, ఈ ఊళ్లో నా కొడుకు పేరు ఎత్తితే నేను ఏడుస్తానని అందరూ ఆ పేరే మానేశారు. మీరు కూడా. ఈ అబ్బాయి ఒక్కడే వాడి పేరు పెట్టి మాట్లాడతాడు. వాడు అక్కడ ఏం తిన్నాడు, ఎలా నవ్వించాడు, చెబుతాడు. ఆ రెండు రోజులు నా కొడుకు ఇంటికి వచ్చినట్టు ఉంటుంది.”

ఆ అబ్బాయికి తెలుగు సరిగా రాదు. వేదాంత విద్య చదవలేదు. కానీ ఆ ఇంటికి కాపరి ఎవరంటే అతనే, నేను కాను. ఆ రాత్రి నేను దేవుని ముందు మోకరించి ఏడ్చాను.

మూడవ సంగతి: ఆలస్యమైనా అడిగినవాడు

అందుకే 2 సమూయేలు 9వ అధ్యాయం నాకు ఎంతో ఇష్టం. దావీదు రాజయ్యాడు. హెబ్రోనులో ఏడున్నర సంవత్సరాలు గడిచాయి, యెరూషలేముకు వచ్చాడు, యుద్ధాలు జరిగాయి. ఒక రోజు, సౌలు ఇంట్లో ఇంకెవరైనా మిగిలారా, యోనాతాను కోసం వారికి మేలు చేయాలి అని అడిగాడు. అప్పటికి మెఫీబోషెతు ఐదేళ్ల పిల్లవాడు కాదు, అతనికే ఒక కొడుకున్నాడు. అంటే ఎన్ని ఏళ్లు గడిచాయో ఆలోచించండి. దావీదు ఆలస్యం చేశాడు. కానీ ఆలస్యమైంది కదా, ఇప్పుడు వెళ్తే ఏమనుకుంటారో అని మానుకోలేదు. అడిగాడు.

తరువాత ఏమి చేశాడు? లోదెబారులో మాకీరు ఇంట్లో ఉన్నాడని తెలిసి మనిషిని పంపి పిలిపించాడు. మెఫీబోషెతు భయపడి సాగిలపడితే, మొదట పేరు పెట్టి పిలిచాడు. భయపడవద్దన్నాడు. తాతగారి భూమిని తిరిగి ఇప్పించాడు. ఆ భూమిని సాగు చేయడానికి సీబాను, అతని కుమారులను నియమించాడు. అంతటితో ఆపలేదు. తన బల్ల దగ్గర, తన కుమారులతో సమానంగా, ప్రతి రోజు భోజనానికి కూర్చోబెట్టాడు. భూమి ఒక్కసారి ఇచ్చేది. భోజనం ప్రతి రోజు పెట్టేది. దుఃఖంలో ఉన్న ఇంటికి రెండూ కావాలి.

కాబట్టి ప్రియ సంఘమా, మనం చేయవలసినవి కొన్ని చెబుతాను.

చనిపోయినవాని పేరు పలకండి. ఆ తల్లి ఏడుస్తుందేమో. ఏడవనివ్వండి. పేరు వింటే వచ్చే కన్నీళ్ల కంటే, పేరు వినబడకపోతే వచ్చే నిశ్శబ్దం ఎక్కువ బాధిస్తుంది. అతని పుట్టినరోజును, చనిపోయిన రోజును మీ క్యాలెండరులో రాసుకోండి. క్రిస్మస్ రోజు మీ బల్ల దగ్గర వారికి చోటు పెట్టండి.

కాగితాల విషయంలో తోడు వెళ్లండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఒకటి ఉంటుందని చాలామంది పల్లెటూరి తల్లిదండ్రులకు తెలియదు. కుటుంబ పెన్షను, పిల్లల చదువుకు సహాయం, సంవత్సరానికొకసారి ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం, ఇవన్నీ ఏ ఆఫీసులో ఎవరిని అడగాలో వారికి అయోమయం. చదువుకున్న యవ్వనస్థులారా, ఒక పూట మీ పని మానుకొని వారితో వెళ్లండి. కానీ ఆ డబ్బు మీ చేతుల్లోకి తీసుకోకండి. ఆ ఇంటికి ప్రభుత్వం డబ్బు వచ్చిందని తెలిసి అప్పు అడగడానికి పోకండి. మందిర నిర్మాణానికి చందా అడగడానికి అసలే వెళ్లకండి. విధవరాండ్ర ఇళ్లను దిగమింగేవారిని గురించి మన ప్రభువు ఎంత కఠినంగా మాట్లాడాడో మనకు తెలుసు.

మాటలు జాగ్రత్త. కోడలు కాలు పెట్టిన వేళ మంచిది కాదనే మాట క్రైస్తవుల నోట రాకూడదు. అత్తామామలకు, కోడలికి మధ్య డబ్బు విషయంలో మనస్పర్థలు వస్తే, ఒక పక్షం చేరి మంట పెట్టకండి. ఇద్దరూ ఒకే మనిషిని పోగొట్టుకున్నవారు. దేవుడు తీసుకున్నాడు, ఏడవకూడదు అని ఎవరికీ చెప్పకండి. లాజరును కొద్దిసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీళ్లు విడిచాడు కదా.

మరొక మాట. అందరు సైనికులు యుద్ధంలోనే చనిపోరు. కొందరు రోగంతో, కొందరు రోడ్డు ప్రమాదంలో పోతారు. కొందరు మనసు కుంగిపోయి తమ ప్రాణం తామే తీసుకుంటారు. ఆ ఇంటికి పతకం రాదు, ఊరేగింపు ఉండదు. వారి పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు. ఆ తల్లి కూడా కొడుకును దేశానికే పంపింది. ఆ ఇంటికి ముందుగా వెళ్లండి.

సైన్యంలో పనిచేస్తూ, లేదా పనిచేసి వచ్చి, ఈ మాటలు వింటున్న సహోదరులారా, మీరు కూడా దుఃఖించేవారే. వాడు పోయాడు, నేనెందుకు బ్రతికాను అని రాత్రులు మిమ్మల్ని మీరు అడుగుకొంటున్నారేమో. దావీదు యోధుడు. అయినా యోనాతాను వార్త విని బట్టలు చింపుకొని సాయంత్రం వరకు ఉపవాసముండి ఏడ్చాడు. స్నేహితుడి కోసం విలాపగీతం రాసి యూదావారందరికీ నేర్పించమన్నాడు. యోధుడు ఏడ్చాడని వాక్యం సిగ్గుపడకుండా రాసింది. మీరు కూడా ఏడవవచ్చు. మీ సంఘకాపరితో మాట్లాడండి, అవసరమైతే వైద్యుడితో మాట్లాడండి. మీరు బ్రతికి ఉన్నందుకు ఒక పని మిగిలి ఉంది. మీ స్నేహితుడి ఇంటికి ఈ సెలవులో ఒకసారి వెళ్లండి. ఏమి మాట్లాడాలో తెలియకపోయినా వెళ్లండి. అతని గురించి వారికి తెలియని ఒక కథ మీ దగ్గర ఉంది. అది వారికి చేరవలసిన ఆస్తి.

చివరిగా, ప్రియులారా, ఇదంతా మనకు ఎవరు నేర్పించారు? స్నేహితుల కోసం ప్రాణం పెట్టడానికి మించిన ప్రేమ లేదని యోహాను సువార్త 15వ అధ్యాయంలో మన ప్రభువు బోధించాడు. ఏ సైనికుడి మరణమూ మన పాపాలను తీసివేయలేదు. అది యేసు రక్తం ఒక్కటే చేయగలదు. అయినా ఆ సిలువ మీద, చివరి ఊపిరిలో, ఆయన కన్నులు ఎటు చూశాయో గమనించండి. కింద నిలబడిన తల్లిని చూశాడు. ఆమె పక్కన ఉన్న స్నేహితుడిని చూశాడు. ఆమెను అతనికి అప్పగించాడు. ఆ ఘడియ నుంచే యోహాను ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. లోకపాపాన్ని మోస్తున్న ప్రభువు తన తల్లిని ఎవరు చూసుకుంటారో మరచిపోలేదు. కొడుకును పోగొట్టుకున్న తల్లీ, ఆయన నిన్ను మరచిపోతాడా?

మనమందరం కూడా ఒకప్పుడు లోదెబారులో దాక్కున్నవాళ్లమే. నిలబడడానికి కాళ్లు లేనివాళ్లమే. క్రీస్తును బట్టి తండ్రి మనలను వెదకి, పేరు పెట్టి పిలిచి, తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ బల్ల దగ్గర రొట్టె తిని లేచిన మనం, బయట నిలబడినవారిని చూడకుండా ఎలా వెళ్లిపోగలం? ఈ వారంలోనే అడగండి. ఆ ఇంట్లో ఇంకా ఎవరు మిగిలారు? ఎన్ని సంవత్సరాలు గడిచినా పరవాలేదు. దావీదుకు కూడా ఆలస్యమైంది. నాకు కూడా ఆలస్యమైంది. ఆ తల్లి నన్ను లోపలికి రమ్మని, మంచినీళ్లు ఇచ్చి, కుర్చీ వేసింది. మీకు కూడా ఎవరో ఒకరు కుర్చీ వేస్తారు.

ప్రార్థన చేసుకుందాం.

కృపగల తండ్రీ, కుమారుని సిలువకు అప్పగించిన నీకు బిడ్డను పోగొట్టుకోవడం అంటే ఏమిటో తెలుసు. ఈ ఉదయం ఫోటో ముందు కూర్చొని వింటున్న ప్రతి తల్లిని, తండ్రిని, భార్యను, బిడ్డను నీ చేతులలో పెడుతున్నాము. సరిహద్దులలో కాపలా ఉన్న మా సైనికులను కాపాడుము. అటువైపు కూడా తల్లులున్నారని మేము మరువకుండా చేయుము. యుద్ధములను మాన్పుము. మేము ఆలస్యం చేసిన చోట మమ్మును క్షమించి, ఈ వారమే మమ్మును ఆ గడపకు నడిపించుము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సమాధానము మీకందరికీ తోడై యుండును గాక.